ట్యాంకర్ వచ్చిన వారం

మా కాలేజీలో డిగ్రీ పిల్లల పరిశోధనల కోసం ఒక పత్రిక ఉంది. వ్యాసాలను మాలాంటి విద్యార్థులమే పరిశీలించాలి. రాసిందెవరో మాకు చెప్పరు, చూసిందెవరో వాళ్లకు చెప్పరు. పొరపాటున గుర్తుపడితే మాత్రం వ్యాసం వెనక్కిచ్చేయాలి. అది మా ఎడిటర్ మేడమ్ పెట్టిన షరతు.

నాకొచ్చిన వ్యాసం ఎవరిదో రెండో పేజీకే తెలిసిపోయింది. మడివాళలో మేముండే పీజీ హాస్టల్, దాని బోరు నీళ్లు, వారం వారం పట్టిన నమూనాలు. ఇంకెవరు రాస్తారు? నా పక్క మంచం పిల్లే. సీసాలు ల్యాబ్ దాకా మోసింది నేనే కదా.

వెనక్కిచ్చేసేదాన్నే. కానీ చివర్లో చూస్తే, బోరు నీళ్లు వాటంతటవే శుభ్రపడ్డాయని తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. ఆఖరి వారం బోరు ఎండిపోయి, ఓనర్ ట్యాంకర్ నీళ్లు తోలించాడు. మేమిద్దరం బకెట్లు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాం కూడా. ఆ నీళ్లు పట్టి బోరు నీళ్లని రాస్తుందా? నేను ఊరికే వెనక్కిచ్చేస్తే, ఈ సంగతి ఇంకో రివ్యూయర్‌కి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం గదిలో నిలదీశాను. "సిగ్గులేదా నీకు? ట్యాంకర్ సంగతి మింగేశావా?"

మంచం మీద కూలబడింది. "రాశానే. మా సారే కొట్టేశాడు. ఒక్క వారం కోసం పేపరంతా పాడుచేసుకుంటావా అన్నాడు. వేసవి ఫెలోషిప్‌కి సిఫారసు రాయాల్సింది ఆయనే. ఏం చేయమంటావో నువ్వే చెప్పు."

ఆ సార్ దాని మెంటర్, అచ్చులో దాని పేరు పక్కన ఆయన పేరూ ఉంటుంది. నాకింక తిట్టబుద్ధి కాలేదు.

మర్నాడు ఎడిటర్ మేడమ్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. రాసిందెవరో తెలుసు మేడమ్, నేను చూడకూడదు అని కాగితాలు బల్ల మీద పెట్టాను. మేడమ్ వాళ్లది కాటన్‌పేటలో తరాల నాటి కుటుంబం, ఆవిడ తెలుగుది అక్కడి యాసే. "అంతేనా? మొహం చూస్తే ఇంకేదో ఉండాది. చెప్పప్పా," అంది. చెబితే దాని ఫెలోషిప్ పోతుంది. చెప్పకపోతే అబద్ధం అచ్చవుతుంది.

"నేను చెప్తాను మేడమ్."

తలుపు దగ్గర అదే నిలబడి ఉంది. నా వెనకాలే వచ్చినట్టుంది. ట్యాంకర్ సంగతీ, కొట్టేసిన వాక్యం సంగతీ లోపలికొచ్చి చెప్పింది. ఆ వాక్యం మళ్లీ పెట్టుకుంటానంది.

మేడమ్ కాగితాలు దాని ముందుకు జరిపింది. "పెట్టుకో. అప్పుడు ముగింపంతా మళ్లా రాయాల. మీ సార్‌కి ఎవరు చెప్తారు?"

"నేనే."

వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి నా చేయి గట్టిగా పట్టుకుంది. సార్ అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాం, అరవలేదు.

"అయితే నా పేరు తీసెయ్‌మ్మా," అన్నాడు మెత్తగా. సిఫారసు మాటే ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు.

"సరే సార్," అని పెట్టేసింది. అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి చున్నీతో మొహం తుడుచుకుని, "అచ్చులో నా పేరొక్కటే ఉంటుంది కదూ?" అని అడిగింది.

ఒక్కటే, అన్నాను.