గట్టు అవతలి మనిషి

సూరిబాబుకు ఒక ఊరు కావాలి. ఉప్పలగుప్తం మండలంలో తను పుట్టిన ఊరు ఊరుగా ఎప్పుడో పోయింది. ఎటు చూసినా రొయ్యల చెరువులే. చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడుకి పక్కపక్కన కూర్చున్నా అరుచుకోవాల్సిందే. వరి వేసేవాళ్ళు ఆ వైపు ఇద్దరే మిగిలారు: సూరిబాబు, గట్టు అవతల అబ్బులు. సూరిబాబు చేలో నిండిన నీళ్ళే అబ్బులు చేలోకి దిగాలి. ఒకరి ఊడ్పులకు మరొకరు వెళ్ళేవారు, కూలి మాటే లేదు.

"మనలాంటోళ్ళు ఎక్కడో ఓచోట ఉంటారే. పక్కోడి చేను పాడవుద్దేమోనని ఆలోచించేవాళ్ళు," అనేవాడు భార్య శాంతితో.

"ఉంటే ఫోటో తీసుకురండి, గోడకి తగిలిద్దాం," అనేది ఆవిడ.

ఏళ్ళ తరబడి వెతికాడు. రాజోలు వైపు ఒక ఊరు నచ్చింది. కొబ్బరితోటలో కుర్చీ వేసి కాఫీ ఇచ్చిన రైతే, లేవబోతుంటే లేఅవుట్‌లో ప్లాటు కొనమన్నాడు. కొత్తపేట దగ్గర ఇంకో ఊళ్ళో ప్రకృతి సేద్యం అని పెద్ద బోర్డు ఉంది. బోర్డు వెనకాల పురుగుమందు డబ్బాల గుట్ట ఉంది.

చివరికి కపిలేశ్వరపురం దగ్గర పడవెక్కి గోదారి మధ్య ఒక లంకకి పోయాడు. అప్పుడే గోదారి వరద తీసింది. గట్లన్నీ కొట్టుకుపోయి నేలంతా ఒకటే ఒండ్రు. జనం తాళ్ళు పట్టుకుని బురదలో నిలబడి హద్దులు మళ్ళీ వేసుకుంటున్నారు. అక్కడ పద్ధతి ఏమిటంటే, నీ హద్దు నువ్వు చెప్పకూడదు, నీ పక్క రైతు చెప్పాలి. ఒకాయన, "సత్యనారాయణమ్మగారిది ఇంకో మూర ఇటేపుకండి, ఆయ్," అని తన నేల తనే తగ్గించుకున్నాడు. సూరిబాబు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తను వెతికింది ఇదే. పైగా ఆ సత్యనారాయణమ్మగారి నేలచెక్కే అమ్మకానికి ఉంది.

సార్వా పంట ఇంటికి చేరగానే తన చేను అమ్మేశాడు. ఎవరికి? ఆ నేల కొనేది చెరువులవాళ్ళు కాక ఇంకెవరు!

"అబ్బులన్నయ్యకి చెప్పేరా?" అంది శాంతి.

"చెబుతాలే."

చెప్పలేదు. చెబితే వాడు వద్దంటాడు. వద్దంటే తను ఆగిపోతాడు. అందుకే అబ్బులు కంటపడకుండా సందు మార్చి తిరిగాడు.

ఆ నేలచెక్క కొందామని మళ్ళీ లంకకి వెళ్ళాడు. ఊరి పెద్ద వీర్రాజుగారు మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"రండి, చాలా సంతోషమండి. ఒక్కసారి మీ గట్టు పక్క రైతుని తీసుకురండి."

"ఆయనెందుకండి?"

"మా దగ్గర మనిషి గురించి మనిషి చెప్పుకోడండి. పక్కాయన చెప్పాలి. నేలకైనా అంతే, మనిషికైనా అంతే."

"ఆయనకి కుదరదండి."

"ఏవండీ, ఒంట్లో బాగోలేదా?"

అవునంటే సరిపోయేది. అనలేకపోయాడు. "నా చేను చెరువుకి ఇచ్చేశానండి. ఆయనకి చెప్పలేదు."

వీర్రాజుగారు కోప్పడలేదు. "ఆయ్," అన్నాడు. ఆకు వేయమని లోపలికి కేకేసి, "భోంచేసి వెళ్ళండి," అన్నాడు.

గోదావరి మర్యాద అంతే. పొమ్మనరు, ఇంకో గరిట వడ్డిస్తారు. నెయ్యి వేశారు, పెరుగు వేశారు, అరటి గెల చేతికిచ్చి పడవ దాకా సాగనంపారు. భూమి మాట ఒక్కరూ ఎత్తలేదు.

సూరిబాబు తిరిగొచ్చేసరికి పొక్లెయిన్ అతని చేలో తవ్వుతోంది. అబ్బులు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. సూరిబాబు సిగ్గు విడిచి పక్కన కూర్చుని లంక సంగతంతా చెప్పాడు.

"ఒక్క మాట చెప్పరా బావా, నాకోసం."

"దానికేం, వస్తాను. మంచోడివనే చెబుతాను. మొన్నటిదాకా మంచోడివే కదా." అబ్బులు గడ్డిపరక తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "కానీ ఊళ్ళన్నీ తిరిగేవు, ఇక్కడ ఇద్దరం ఉన్నాం కదరా. ఇద్దరుంటే ఊరు కాదేటి?"

సూరిబాబు పుల్లతో కాళ్ళ బురద గీక్కోవడం చూసి అబ్బులే మళ్ళీ అన్నాడు:

"పోనీలే. నేనూ నిన్న ఇచ్చేశాను, వాళ్ళకే. నీ చెరువు ఉప్పునీళ్ళు నా చేలోకి ఊరితే నాకు వరేం పండుద్ది?"

ఇంక లంకకి వెళ్ళి ఇద్దరూ చెప్పుకునేదేముంది? చెరువుకిచ్చినవాడి గురించి చెరువుకిచ్చినవాడే చెప్పాలి. ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

పొక్లెయిన్ దగ్గరకొచ్చి ఆగింది. రెండు చేలూ కలిపి ఒకే చెరువట. డ్రైవరు తల బయటికి పెట్టి, "కాస్త లేవండీ, గట్టు తీసేయాలి," అన్నాడు.

ఇద్దరూ లేచారు. చెప్పులు చేత్తో పట్టుకుని అబ్బులు అటువైపు దిగాడు, సూరిబాబు ఇటువైపు దిగాడు.