మోకాలి కింద కట్టు

నర్సింగ్ పిల్లలకు కాలి సిరలు చెప్పే రోజు నాకు చిరాకెక్కువ. పాదం బయటి అంచున పుట్టి, బయటి చీలమండ వెనకగా ఎక్కి, పిక్క నడుమ నుంచి మోకాలి వెనకకు చేరే సిర ఒకటుంది. మేం చదివినప్పుడు షార్ట్ సఫీనస్, ఇప్పటి పుస్తకాల్లో స్మాల్ సఫీనస్. ఆ పేరుకు పైకి కనిపించేదని అర్థం చెప్పేవాళ్లున్నారు, దాగి ఉండేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. పెద్దలకే ఒక మాట లేనప్పుడు నేనేం తేల్చను, రెండూ రాసుకోమంటాను.

నన్ను కన్న మా అవ్వకు అది పైకే కనిపించేది. ఏళ్ల తరబడి నాట్లల్లో, చెరకు కోతల్లో నిలబడ్డ కాలు. చీలమండ పైన వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బి ఉండేది. ఎవరైనా చూస్తే చీర కిందికి లాక్కుని, "నరాలు తేలినయ్, గంతే" అనేది.

నేను నిజామాబాద్ హాస్టల్లో ఇంటర్ చదువుతుండగా, బోధన్ దగ్గరి మా తోటలో కోసిన చెరకు మోడు ఆ ఉబ్బు మీద గుచ్చుకుంది. రక్తం చిమ్మింది. చెరకు తోటలో కాలికి ఏమైనా మావాళ్లకు ముందు గుర్తొచ్చేది పామే. పాము కరిస్తే పైన కట్టాలి. ఇది పాము కాదని మా నాన్న, బాపు, కళ్లారా చూశాడు, అయినా చేతులు అలవాటు పనే చేశాయి. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మోకాలి కింద బిగించాడు. కాలు కిందికి వేలాడేసి ఆటోలో కూర్చోబెట్టారు. రక్తం ఆగకపోతే ఇంకా బిగించారు. బోధన్ చేరేసరికి అవ్వ లేదు.

సిరలో రక్తం కింది నుంచి పైకి పోతుంది. పైన కడితే ఆ దారి మూసుకుని గాయంలోంచే బయటికి వస్తుంది. పడుకోబెట్టి, కాలు పైకెత్తి, గాయం మీద బట్ట పెట్టి గట్టిగా అదిమితే చాలావరకు ఆగిపోతుంది. ఇది తెలిసిన రోజు తరగతిలోనే ఏడ్చాను. ఇంత చిన్న పని తెలియక మా అవ్వ పోయింది. బాపుకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన బతకడు.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. మొన్న ఆదివారం పాఠం కోసం నా పిక్క మీదే నీలం స్కెచ్ పెన్నుతో ఆ సిర గీసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ అవ్వది గిదేనా బిడ్డా?"

"గిదే బాపు."

ఆ గీత మీద, మోకాలి కింద, వేలు పెట్టాడు.

"రుమాలు పాతది. జర వదులైందేమో అని ఇయ్యాలటికి నిద్ర పట్టది. ఇంక గట్టిగ కడితే బతుకుతుండె గదా?"

పెన్నుకు మూత పెట్టాను.

"వదులు కాలేదు బాపు. మస్తు గట్టిగ కట్టినవ్."

"నిజంగనా?"

"నిజంగ."

ఆయన మొహం తేలికపడింది. నా తల మీద చెయ్యి పెట్టాడు. నేను చెప్పింది నిజమే. అందుకే ఆ చేతి కింద తల ఎత్తలేకపోయాను.