తీసిన చెయ్యి

ఇప్పటికీ బస్సు వేగం అందుకుంటే నా చూపు ముందు సీటు కడ్డీ మీదికే పోతుంది. ఎనభైల్లో ఇల్లందులో భద్రాచలం బస్సెక్కాను. పక్కనున్న పెద్దమనిషి బస్సు కదిలినప్పుడల్లా ఆ కడ్డీ పట్టుకుని, వేగం అందుకోగానే వదిలేస్తున్నాడు.

"ఏంది సార్, గట్ల చెయ్యి తీస్తున్రు?" అన్నాను.

"అలవాటు. జెట్ విమానం నడిపేటోణ్ణి. రన్‌వే మీద ఒక స్పీడు దాకా ఇంజన్ లివర్ల మీద చెయ్యుంటది. అది దాటినంక తీసెయ్యాలె. ఇగ ఒక ఇంజన్ పోయినా లేవాల్సిందే. ఆపుదామంటే రన్‌వే చాలదు."

"ఎన్నడన్న అట్ల ఇంజన్ పోయిందా?"

"ఒక్కసారి. తీసిన చెయ్యి మళ్ల పెట్టి ఆపిన. రన్‌వే చాలలే."

గోదావరి బ్రిడ్జి దాకా ఆయన ఆ చేతిని తొడ కింద పెట్టుకునే కూర్చున్నాడు.