మెనూ చూసి ఎక్కిన కాశీ బస్సు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా నాచారం కాలనీ వాట్సాప్ గ్రూపులో కాశీయాత్ర ప్రకటన ఒకటి కనిపించింది. ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కన ఆఫీసున్న ట్రావెల్ ఏజెంటు ఎవరో పంపాడట. పదకొండు రోజులు, ఏసీ బస్సు, వెంట మన వంటవాళ్లు, పొద్దున ఇడ్లీ వడ, మధ్యాహ్నం ముద్దపప్పు ఆవకాయ, చివర్లో గడ్డపెరుగు అని రంగురంగుల అక్షరాలతో వేయించి, అడుగున అరిటాకు బొమ్మ కూడా పెట్టాడు. దాని కింద మా అమ్మాయి, తన అత్తగారిని తీసుకుని తను వెళ్తున్నానని, మెనూ అదిరిందని రాసింది. గడ్డపెరుగు అన్న మాట దగ్గరే నా అరచేతులకు చెమట పట్టింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ, ముప్పై ఏళ్లుగా పెరుగన్నం తిన్నాక కదిలే బండిలో కూర్చోవాలంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రోజుల్లో మేము నాచారం పారిశ్రామికవాడకు ఎదురుగా రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చి పడ్డ సంసారం. మావారు ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా, నేను తార్నాకలో ఒక బడిలో టీచరుని. రోజూ నాచారంలో బస్సెక్కి హబ్సిగూడలో దిగి, అక్కడ ఉప్పల్ నుంచి వచ్చే ఇంకో బస్సు పట్టుకుని తార్నాక చేరేదాన్ని. మా అత్తగారికి కాశీ చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఆ వేసవిలో కాలనీ అంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకుందామని అనుకోగానే ఆవిడ పెట్టె సర్దేసుకుంది. మావారికి సెలవు దొరకలేదు. ఆరేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేనే బయల్దేరాలని తేలింది.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏజెంటును ఎంచుకోవడమంటే పెళ్లికి వంటవాణ్ని కుదుర్చుకోవడమే. ఉప్పల్ నుంచే అప్పటి ఏజెంటు ఒకతను నుదుట మూడు విభూతి రేఖలతో మా కాలనీ హాలుకు వచ్చాడు, వస్తూ వస్తూ వంటవాణ్ని కూడా తెచ్చుకున్నాడు. మా కళ్ల ముందే పులిహోర కలిపించి, బొబ్బట్లు చేయించి, ఆకుల్లో వడ్డించాడు. ఇంక చూడండి మా ఆడవాళ్ల ప్రశ్నలు! ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లకు గిన్నెలు వేరుగా ఉంటాయా, ఏకాదశి నాడు ఫలహారం ఏమిటి, ఆవకాయ ఇంట్లో పెట్టిందా కొన్నదా, కాఫీ డికాక్షనా పొడా అని అరగంట పీడించారు. నేనూ తక్కువ తినలేదు, పిల్లకు రెండుపూటలా పాలు ఉంటాయా అని మూడుసార్లు అడిగాను.

బస్సు డిపోలో పనిచేసి రిటైరైన పక్కింటి తాతగారు ఒక్కరే, ఆకు పక్కకు జరిపి, డ్రైవర్లు ఎంతమంది అని అడిగారు. అందరూ నవ్వారు. రిటైరైనా ఈయన స్టీరింగు వదల్లేదమ్మా అని ఎవరో అన్నారు. ఏజెంటు చేతులు జోడించి ఇద్దరండీ అన్నాడు. అందులో ఒకడు పడిపోతే ఏం చేస్తావని తాతగారు వదల్లేదు. అంతా ఆ విశ్వేశ్వరుడే చూసుకుంటాడండీ అని ఏజెంటు కళ్లు మూసుకుంటే, ఆహా ఎంత భక్తి అని మేమంతా మురిసిపోయాం. తాతగారు బొబ్బట్టు సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయారు, యాత్రకు కూడా రాలేదు. ఆయనకు చాదస్తం ముదిరిందనుకున్నాం. అడిగినదానికి జవాబు చెప్పకుండా దేవుడి మీదికి తోసేవాడి బండి ఎక్కకూడదని నాకు అప్పుడు తెలియదు.

పోయేటప్పుడు ఏ లోటూ జరగలేదు, భోజనాలైతే మాట ఇచ్చినదానికి ఒక వీసం ఎక్కువే. కాశీ చూసుకుని గయకు చేరాక రెండో డ్రైవరుకు జ్వరం తగిలింది. అతన్ని రైలెక్కించి పంపేసి, కాశీకి తిరిగొచ్చాక ఇంకొకణ్ని చూస్తానన్నాడు ఏజెంటు. కాశీలో అడిగితే ప్రయాగలో అన్నాడు. ప్రయాగలో అడగడానికి మాకే గుర్తులేదు, గంగనీళ్ల చెంబుల మూతులకు మాట్లు వేయించుకునే హడావిడిలో ఉన్నాం. అలా మిగిలిన ఒక్క డ్రైవరే గయ నుంచి ఇంటిదాకా నడిపాడు. నలభై ఏళ్లుంటాయేమో, చెంగిచెర్ల మనిషి. మేమంతా అతన్ని అన్నా అని పిలిచేవాళ్లం, అంతకుమించి అతని సంగతి మాకెవరికీ తెలియదు.

గయ వదిలిన మూడో రోజు మధ్యాహ్నం, జబల్‌పూర్ దాటాక, రోడ్డు పక్కన చెట్ల నీడలో బస్సు ఆపి వంట దించారు. ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు, పైన గడ్డపెరుగు. డ్రైవరన్నకు కూడా వంటవాడు కొసరి కొసరి పెట్టాడు. మళ్లీ బస్సు కదిలిన పావుగంటకు నలభై మందీ నిద్రపోయారు. ముందు సీట్లో ఏజెంటు మొహం మీద తువ్వాలు కప్పుకుని గురక పెడుతున్నాడు. మా అమ్మాయి నా ఒళ్లో, అత్తగారు నా భుజం మీద. పిల్ల చెమటలు తుడుస్తూ కూర్చోవడం వల్ల నేనొక్కదాన్నే మెలకువగా ఉన్నాను. తల ఎత్తి డ్రైవరు పైనున్న అద్దంలోకి చూశాను. అందులో అతని కళ్లు మూసుకుని ఉన్నాయి.

ఒక్క క్షణం, అంతే. కిందనుంచి కంకర రాళ్ల చప్పుడు వినిపించింది, చక్రం రోడ్డు దిగింది, అతను ఉలిక్కిపడి బండిని మళ్లీ పైకి లాగాడు. ఎవరూ లేవలేదు. గట్టిగా అరిస్తే అదిరిపడి ఎటు తిప్పుతాడో, అరవకపోతే మళ్లీ కళ్లు మూస్తాడేమో తెలియలేదు. ఒళ్లో పిల్ల మాత్రం నోరు కొంచెం తెరిచి హాయిగా ఊపిరి తీస్తోంది. పిల్లను మెల్లగా అత్తగారి ఒళ్లోకి జరిపి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకు వెళ్లి, డ్రైవరు పక్కన ఇంజను డబ్బా మీద కూర్చున్నాను. పరాయి మగవాడి పక్కన అలా కూర్చుంటే కాలనీలో ఏమనుకుంటారో అన్న భయం ఆ భయంలో కూడా ఒక మూల ఉందంటే, మా కాలం ఆడవాళ్లకే అర్థమవుతుంది.

నిద్ర వస్తోందా అన్నా అని అడిగాను.

"నిద్ర గాదు టీచరమ్మా, జర కండ్లు మండుతున్నయ్. గయల ఆయన దిగినకాంచి నడుం వాల్చింది లేదు."

కాసేపు ఆపి పడుకోమన్నాను.

"ఆపితే సేటు ఊకుంటడా? ఎల్లుండి ఇంకో ట్రిప్పు ఉన్నది."

మాట్లాడిస్తూ ఉంటే చాలనుకున్నాను గానీ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఏం మాట్లాడతాం! బళ్లో పిల్లలు కునుకు తీస్తే ఎక్కం చెప్పించడం నాకు అలవాటు. అదే తోచింది. మీ చెంగిచెర్ల నుంచి సికింద్రాబాదుకు వెళ్తే ఏయే ఊళ్లు తగులుతాయో వరసగా చెప్పన్నా అన్నాను. అతను నవ్వి, చెంగిచెర్ల, బోడుప్పల్, ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ అని చెప్పాడు. మళ్లీ చెప్పమన్నాను. రెండోసారి కాస్త నిదానంగా చెప్పాడు. ఈలోగా రోడ్డు కొండ ఎక్కడం మొదలైంది, ఎడమ పక్కన లోయ, మలుపు మలుపుకూ ఎదురుగా లారీలు. మూడోసారి అతను చెంగిచెర్ల, బోడుప్పల్, ఉప్పల్ అని ఆగి, చాలాసేపటికి తార్నాక అన్నాడు.

హబ్సిగూడ లేదు. ఉప్పల్ వైపు పుట్టి పెరిగినవాడు హబ్సిగూడను మరిచిపోవడం జరిగే పని కాదు. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషే లోపల లేడు. అన్నా, పాపకు వాంతి వస్తోంది, ఆపు ఆపు అని అతని భుజం పట్టుకుని అరిచాను. ఆ అరుపుకు అతను బ్రేకు తొక్కాడు. బస్సు లోయవైపు రాతి దిమ్మెలకు జానెడు దూరంలో ఆగింది.

అందరూ లేచారు. ఏజెంటు తువ్వాలు తీసి విసుక్కున్నాడు, వాంతయితే కిటికీలోంచి కానివ్వచ్చు గదా అన్నాడు. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా మొహం చూసింది, స్టీరింగు మీద తల వాల్చేసిన డ్రైవరును చూసింది, ఒళ్లో పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ నుదురు చల్లగా ఉందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

"పిల్లకు ఒళ్లు కాలిపోతోంది. మూడు గంటలసేపు ఈ బండి కదలడానికి వీల్లేదు. కదిలించేవాళ్లు నా మీదుగా కదిలించండి!" అని మెట్ల మీద కూర్చుంది.

నాతో ఏనాడూ నవ్వుతూ మాట్లాడని మనిషి ఆవిడ. ఆ రోజు నుంచి ఆవిడ ఎంత కసిరినా నేను ఎదురు చెప్పలేదు.

డ్రైవరన్న గట్టు మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. అతని గురక వింటూ ఉంటే నా భయం ఒక్కొక్క మెట్టూ దిగింది. తక్కినవాళ్లంతా మాత్రం పిల్లల్ని యాత్రలకు తేకూడదమ్మా అని నాకు బుద్ధులు చెప్పారు. మర్నాడు ఉప్పల్ చౌరస్తాలో సామాన్లు దించుతూ డ్రైవరన్న మా అమ్మాయి తల నిమిరి, జ్వరం తగ్గిందా అని అడిగాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా, "గిసోంటి జ్వరం అప్పుడప్పుడు రావాలె తల్లీ" అన్నాడు.

ఇక్కడితో ఆపితే నా గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. ఆ మరుసటి ఆదివారం కాలనీ హాల్లో ఏజెంటుకు శాలువా కప్పారు, ఇంత కమ్మటి భోజనం ఎక్కడా తినలేదని. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తర్వాతి ఏడు అదే ఏజెంటుతో ఇంకో బస్సు కదిలినప్పుడు కూడా నోరు విప్పలేదు. చెబితే ఎవరు నమ్ముతారు, పిల్ల జ్వరం అబద్ధమని బయటపడితే ఏమంటారు అని భయం. ఆ పదకొండు రోజులూ పొద్దున్నే పేపరు తెరవాలంటే చేతులు ఆడలేదు. వాళ్లు క్షేమంగానే తిరిగొచ్చారు, కానీ అందులో నా మంచితనం ఏమీ లేదు.

మా అమ్మాయికి మొన్నటిదాకా ఇవేవీ తెలియవు. దానికి ఆ యాత్ర అంటే బొబ్బట్లే గుర్తు. బస్సు పడని పిల్ల అన్న పేరు మాత్రం దానికి అంటుకుపోయింది. ఇప్పటికీ ఎక్కడికి వెళ్లినా చేతిలో నిమ్మకాయ పట్టుకుంటుంది. బడి విహారయాత్రలకు ఒక్కదానికీ పంపలేదు నేను, నీకు బస్సు పడదే తల్లీ అనేదాన్ని. పడనిది నాకని మొన్న ఆదివారమే దానికి చెప్పాను. అయితే నాకసలు ఎప్పుడూ వాంతి రాలేదా అమ్మా అని అడిగింది. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాడు ఇద్దరం ఉప్పల్‌లో ఆ ప్రకటన పంపిన ఏజెంటు దగ్గరికి వెళ్లాం. అతను మెనూ కార్డు ముందుకు జరిపాడు, నేను పక్కకు జరిపాను. డ్రైవర్లెందరు, ఒకరు నడుపుతుంటే రెండోవారు ఎక్కడ పడుకుంటారు, ఒకరికి జబ్బు చేస్తే బస్సు ఆపేస్తారా అని అడిగాను. అతను తలగోక్కుని, "ఇప్పటిదాంక గిది ఎవ్వరు అడగలే ఆంటీ. నాకు గూడ తెల్వదు, కనుక్కొని జెప్త" అన్నాడు. తెలియదన్న ఆ మాట ఒక్కటే నాకు నచ్చింది. సాయంత్రానికి ఫోను చేసి ఇద్దరి పేర్లూ చెప్పాడు, బస్సులో రెండోవారికి పడక కూడా ఉందన్నాడు. తాతగారు ఉంటే ఇంకేమైనా అడిగేవారేమో. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆ ఆఫీసు నుంచి ఇంటికి మెట్రోలో వచ్చాం, హబ్సిగూడలో దిగి నాచారానికి ఆటో ఎక్కాలి గదా. ఇప్పటి బస్సుల్లో డ్రైవరుకూ మనకూ మధ్య అద్దం తలుపు ఉంటుందట, లోపల అతను ఆవలించినా వినబడదు. చెంగిచెర్ల నిండా ఇప్పుడు కొత్త కాలనీలు, ఆ అన్న ఇల్లు ఎక్కడని ఎవరిని అడగను? మెట్రోలో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతుకు నిద్ర రాదు, ఏ పేరూ మరిచిపోదు, అయినా ఉప్పల్‌లో ఎక్కిన ప్రతిసారీ ఆ రోజు అతను మరిచిన పేరు వినబడేదాకా నేను పట్టుకున్న కడ్డీ వదలను. మా అమ్మాయి అది గమనించినట్టుంది. సంచిలోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టి, బస్సులో భోజనాలయ్యాక నేను నిద్రపోనులే అమ్మా, ముందు సీట్లోనే కూర్చుంటాను అంది. వచ్చే స్టేషను హబ్సిగూడ అని అప్పుడు వినిపించింది.