కరపత్రంలో వదిలేసిన సూచన

2006 జూన్‌లో నన్ను రాజమండ్రి నుంచి భీమవరం పక్కనున్న ఒక సబ్‌డివిజన్‌కు బదిలీ చేశారు. హోదా సబ్‌డివిజనల్ ఇంజనీరు, టెలిఫోన్లు. నా పైన డివిజనల్ ఇంజనీరు (డి.ఇ.) గారు, నా కింద ఇద్దరు జూనియర్ ఆఫీసర్లు, వాళ్ళ కింద లైన్‌మన్లు. బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తోంది. చేరిన వారానికే డి.ఇ. గారు పిలిచి ఒక పని అప్పజెప్పారు. ఇళ్ళలో కంప్యూటరు, ఇంటర్నెట్టు వాడేవాళ్ళకు సూచనలు తెలుగులో ఒక కరపత్రంగా రాయాలి, కొత్త కనెక్షనుతో పాటు అది ఇంటింటికీ పోవాలి. ఫిర్యాదులు తట్టుకోలేకపోతున్నాం, మీరు కాస్త రాయగలరు కదా అన్నారు.

ఫిర్యాదులు ఎందుకు వస్తున్నాయో చూద్దామని ఓ పాతిక ఇళ్ళు తిరిగాను. తల ప్రాణం తోకకొచ్చింది. మోడెం అంటే ఫోన్ తీగలో వచ్చే ఇంటర్నెట్‌ను కంప్యూటరుకు అందించే డబ్బా. దానికి గాలి ఆడాలి, లేకపోతే వేడెక్కి మొరాయిస్తుంది. మనవాళ్ళు దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఊలుతో అల్లిన గుడ్డ కప్పి, ఆ పైన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. గుడ్డ తీస్తే లోపల కంపెనీ వాడు చుట్టిన పాలిథిన్ కవరు అలాగే ఉంది. తియ్యలేదేంటండీ అంటే కొత్తది, మాసిపోతుందన్నారు. ఒక పెద్దమనిషికి వాస్తు సిద్ధాంతి ఎవరో కరెంటు వస్తువులు ఆగ్నేయంలో ఉండాలని చెప్పాడట. ఆగ్నేయంలో వంటిల్లుంది. కంప్యూటరు తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టారు. మీటల మధ్య ఆవాలు, కరివేపాకు! ఇంకో ఇంట్లో కిందటి దసరాకు మోడెం చిల్లులన్నీ గంధంతో పూడ్చి బొట్లు పెట్టారు.

పాస్‌వర్డ్ గోడ మీది క్యాలెండరులో, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కన రాసుకునేవారు. నెల తిరిగాక ఆ కాగితం చింపి పిల్లల పుస్తకాలకు అట్టలేసేవారు. తర్వాత మా ఆఫీసుకొచ్చి, పాస్‌వర్డ్ పోయిందండి, మీ దగ్గర ఇంకోటుంటే ఇవ్వండి అనేవారు. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గు పీకేవారు గానీ ఫోన్ తీగ పీకేవారు కాదు. పిడుగు ఆ తీగలోంచే వస్తుంది. తెల్లారి కాలిపోయిన మోడెం పట్టుకొచ్చి, స్విచ్చి కట్టేశానండీ మరెలా కాలిందండీ అని నన్నే నిలదీసేవారు. ఇంటర్నెట్‌లో లాటరీ తగిలిందని కనిపించిన ప్రతిదాన్నీ నొక్కి, వైరస్ తెచ్చుకుని, అది మా ఎక్స్‌ఛేంజీ నుంచి వచ్చిందని వాదించిన ఒక హైస్కూలు మాస్టారు కూడా ఉన్నారు.

ఈ తెలివితక్కువతనం మీద నాకు పుట్టిన వెటకారమంతా పది సూచనలుగా మారింది. మోడెం మీద ఏమీ కప్పకండి. ఉరిమితే ఫోన్ తీగ కూడా తీసేయండి. పాస్‌వర్డ్ గోడకెక్కించకండి. తెలియనిది నొక్కకండి. గోడ స్విచ్చి కట్టేసి కంప్యూటరు ఆపకండి, ముందు షట్‌డౌన్ చేయండి. ముఖ్యమైన ఫైళ్ళు సీడీలో ఇంకో కాపీ పెట్టుకోండి. మిగతావీ ఇలాంటివే. కరపత్రం అచ్చయింది, డి.ఇ. గారు భేష్ అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నాకు జిల్లా అంతా లోకువైపోయింది.

ఆ వర్షాకాలంలో ఒక ఊరి నుంచి ఒకే నంబరు మీద వరసగా ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫోను సూర్రావు గారి పేర ఉంది. రొయ్యల చెరువుల ఆసామి. బ్రాడ్‌బ్యాండ్ వాడేది ఆయన తమ్ముడి భార్య పద్మావతి గారు. తమ్ముడి చెరువులు తెల్లమచ్చ తెగులుకు పోయాక, ఆయన అన్నగారి చెరువుల మీదే పని చూసుకుంటున్నాడు. ఆవిడ రాజమండ్రిలో ఆరు నెలలు నేర్చుకుని, హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తోంది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పెట్టిన ఆడియో ఫైళ్ళు పొద్దున్నే దింపుకుని, విని, టైపు చేసి, మధ్యాహ్నంలోగా తిరిగి పంపాలి. గడువు దాటితే మందలింపు. మందలింపులు మూడయితే ఫైళ్ళు ఆపేస్తారు. ఇంట్లో ఉప్పూ పప్పుకు బావగారి ముందు నిలబడకుండా బతకడానికి ఆవిడకున్న దారి అదొక్కటే. ఇంటర్నెట్ రోజూ పొద్దుటి పూట పోతోంది.

ఫిర్యాదు రాగానే దానికొక డాకెట్ నంబరు పడుతుంది. లైన్‌మన్ వెళ్ళి చూసి లోపం మా తీగలోనిదా, వినియోగదారు సామానులోనిదా అని రాస్తాడు, నేను సంతకం పెట్టి మూసేస్తాను. వినియోగదారు వైపు అని రాస్తే అది మా లెక్కలోకి రాదు. మొదటి డాకెట్ లైన్‌మన్ అప్పారావు అలాగే రాసి తెచ్చాడు, అలాగే మూసేశాను.

రెండో ఫిర్యాదుకు అప్పారావును జీపులో వేసుకుని నేనే వెళ్ళాను. సూర్రావు గారు అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరిబోండం కొట్టించారు. పద్మావతి గారు తలుపు వెనక నిలబడింది. బావగారి ఎదుట మరదలు నోరు విప్పి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఈ లైను మీద ఫోన్లెన్ని ఉన్నాయని అడిగాను. సూర్రావు గారు నిబ్బరంగా, "ఒక్కటేనండి. ఇదిగో, ఇదేనండి" అన్నారు. అప్పారావు చూరులో పిచ్చుకలను లెక్కపెడుతున్నాడు.

లోపలికి వెళ్ళి చూశాను. గోడకు నా కరపత్రం అంటించి ఉంది. మోడెం మీద గుడ్డ లేదు, కవరు లేదు, దుమ్ము కూడా లేదు. సీడీల మీద తేదీలున్నాయి. పదికి పది సూచనలూ పాటించిన ఇల్లు ఆ సబ్‌డివిజన్‌లో నేను చూసింది అదొక్కటే. దానికి సంతోషించాల్సింది పోయి, ఆడకూతురు ఏదో నొక్కి ఉంటుందనుకున్నాను. ఆవిడ ఒక పొడుగాటి నోటుపుస్తకం చాపింది. ఎప్పుడెప్పుడు పోతోందో రాశానండి అని మెల్లగా అంది. "ఆ పుస్తకం మాకెందుకమ్మా? కంప్యూటరు ఫార్మాట్ చేయించండి, అదే బాగవుతుంది" అని సలహా ఇచ్చి జీపెక్కాను. రెండో డాకెట్ కూడా వినియోగదారు వైపు లోపమే.

ఆవిడ నా మాట నమ్మి కంప్యూటరు భీమవరం పంపింది. ఫార్మాట్ చేసి, టైపు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల ఫైళ్ళూ గడువు తప్పాయి. రోగం మాత్రం తగ్గలేదు. మూడో ఫిర్యాదు వచ్చింది. దాన్ని నేను కుర్చీలోంచి కదలకుండానే మూసేశాను.

తర్వాత ఆవిడ తిన్నగా డి.ఇ. గారికి ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. మా ఆఫీసులో ఎవరూ అంత తప్పుల్లేకుండా రాయలేరు. ఆయన దాని మీద, స్వయంగా వెళ్ళి రిపోర్టు ఇవ్వండి అని రాసి నాకు పంపారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే బయల్దేరాను. అప్పారావు సెలవులో ఉన్నాడు. సూర్రావు గారు చెరువు దగ్గరకు వెళ్ళారు. ఆ రెండూ కలిసి రాబట్టే నిజం బయటపడింది గానీ నా ఇంజనీరింగు వల్ల కాదు.

మోడెం ముందు కూర్చున్నాను. దాని మీద లైను ఉందని చెప్పే పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది. తొమ్మిదీ నలభైకి ఉన్నట్టుండి కొట్టుకోవడం మొదలెట్టి ఆరిపోయింది. పక్కనున్న ఫోను ఎత్తి చెవిన పెట్టుకున్నాను.

"నలభై కౌంటు ఎంతంటున్నారండీ ఈవేళ? అబ్బే, మరీ అంత తక్కువేంటండీ!"

కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. గొంతు సూర్రావు గారిది. ఇంట్లో ఫోను నా చేతిలో ఉంది, మనిషి ఇంట్లో లేడు.

పద్మావతి గారు అప్పుడు మొదటిసారి తలుపు దాటి ఇవతలికి వచ్చి మాట్లాడింది. చెరువు గట్టు మీద మోటారు షెడ్డులో ఇంకో ఫోనుందండి, మూడేళ్ళయింది, మీ అప్పారావే తీగ లాగాడు అని చెప్పింది. మరి ఇంతకాలం చెప్పలేదేంటమ్మా అన్నాను.

"బావగారు ఒక్కటే అంటుంటే, ఆయన ముందు కాదని ఎలా అంటానండి? అందుకే రాశానండి. మీరు చూడలేదు."

పుస్తకం తెరిచాను. తేదీ, పోయిన వేళ, తిరిగి వచ్చిన వేళ. చివరి వరసలో దాదాపు ప్రతి రోజుకూ ఎదురుగా చెరువు అని రాసి ఉంది. రెండో ఫిర్యాదుకు వెళ్ళినరోజే ఆ పుస్తకం నా ముక్కు కింద ఉంది.

జరిగింది చాలా చిన్న సంగతి. ఫోన్ తీగలో మాటా, ఇంటర్నెట్టూ కలిసి వస్తాయి. రెంటినీ విడదీసేందుకు అగ్గిపెట్టెంత డబ్బా ఉంటుంది, దాని పేరు స్ప్లిట్టర్. ఆ తీగ మీద ఎన్ని ఫోన్లుంటే అన్నింటికీ అది ఉండాలి. అది లేని ఫోను ఎత్తితే ఇంటర్నెట్ పోతుంది. ఇంట్లో ఫోనుకు ఉంది, షెడ్డు ఫోనుకు లేదు. రేటు కనుక్కోవడానికి సూర్రావు గారు పొద్దున్నే ఎన్నిసార్లు ఎత్తితే అన్నిసార్లు మరదలి పని పోయేది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కరపత్రం చిత్తుప్రతిలో నేను పదకొండు సూచనలు రాశాను. పదకొండోది ఇదే. ఇంకో చోటికి తీగ లాగిన పారలల్ ఫోను ఉంటే దానికీ స్ప్లిట్టర్ పెట్టించుకోండి అని. డి.ఇ. గారు దాన్ని కొట్టేశారు. అనుమతి లేని పారలల్ ఫోన్లు మన రికార్డుల్లో లేవు, లేనివాటికి సూచనలెందుకండీ అన్నారు. చెరువులున్న ఊళ్ళలో షెడ్డు ఫోను లేని ఆసామి లేడని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నిజమేనండి అన్నాను.

గట్టు వెంట కొబ్బరిచెట్లకు మేకులు కొట్టి లాగిన తీగ పట్టుకుని షెడ్డు దాకా నడిచాను. నన్ను చూడగానే సూర్రావు గారు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయారు. చిన్న విషయం కదాని చెప్పలేదండి అన్నారు. ఆయన్ని ఏమైనా అనడానికి నాకు మొహం ఏది? జీపులో ఉన్న స్ప్లిట్టర్ ఒకటి తెచ్చి బిగించాను. పది నిమిషాల పని. మర్నాడు అప్పారావును పిలిచి కడిగేస్తే, "మీరు నన్ను అడగలేదు కదండీ" అన్నాడు.

షెడ్డు నుంచి తిరిగి వచ్చి, ఇక ఏ ఇబ్బందీ ఉండదమ్మా అని పద్మావతి గారికి చెప్పాను. మొన్న సోమవారంతో ఫైళ్ళు ఆపేశారండి అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ గుమ్మంలో తెలిసింది. ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "తప్పు లైనుదే గానీ నాది కాదని మీ ఆఫీసు తరఫున ఒక కాగితం రాసిస్తారాండి? అది పంపితే మళ్ళీ తీసుకుంటారేమో."

న్యాయమైన కోరిక. నా చేతిలో పెన్నూ ఉంది, జీపులో ఆఫీసు ముద్రా ఉంది. కానీ రాస్తే, మా లైన్‌మన్ అక్రమంగా తీగ లాగాడని రాయాలి. మూడు డాకెట్లు నేను సరిగా చూడకుండా మూసేశానని రాయాలి. డి.ఇ. గారిని అడిగి చెబుతానన్నాను. ఆయన ఫైలు చూసి, రికార్డులో వినియోగదారు వైపు లోపమని మీరే సంతకం పెట్టారు కదండీ, ఇప్పుడు కాదని ఎలా ఇస్తాం అన్నారు. ఎదురు చెప్పొచ్చు. చెప్పలేదు. కుదరదని ఆవిడకు అప్పారావు చేత కబురు పంపాను. నేను వెళ్ళలేదు.

నెలాఖరుకు కనెక్షను వాపసు ఫారం వచ్చింది. సూర్రావు గారి సంతకం, కింద పద్మావతి గారి దస్తూరీ. మోడెం, అడాప్టరు, స్ప్లిట్టర్లు రెండూ అట్టపెట్టెలో సర్ది పంపింది. కారణం అన్న చోట "ఇక అవసరం లేదు" అని రాసి ఉంది. సామాను సక్రమంగా ముట్టినట్టు రసీదు రాశాను.

కరపత్రం రెండోసారి అచ్చుకు వెళ్ళినప్పుడు పదకొండో సూచన మళ్ళీ రాసి పంపాను. మళ్ళీ కొట్టేశారు. ఆ తర్వాత పదవీ విరమణ చేసేదాకా ఫిర్యాదు ఎవరిదైనా ముందు వేళలు రాయించుకున్నాను, యంత్రం వాడే మనిషితో విడిగా మాట్లాడాను, ఇంటి పెద్ద చెప్పేది ఆఖరున విన్నాను. దానివల్ల చాలా లోపాలు దొరికాయి. పద్మావతి గారి పని పోవడానికి కారణం మాత్రం మా రికార్డుల ప్రకారం వినియోగదారు వైపు లోపం. దాని కింద మూడు చోట్ల ఉన్న సంతకం నాది.