లైబ్రరీలో అరిచిన సైరన్

మా కాలేజీలో ఆ అమ్మాయిని అందరూ సైరన్ అనే పిలిచేవారు. గొంతు అలాంటిది మరి. రహస్యం చెప్పినా వరండా చివరిదాకా వినబడేది. ఆ గొంతు పుణ్యమా అని లైబ్రేరియన్‌గారు ఆమెను తరచూ బయటికి పంపేవారు.

విద్యార్థుల ఎమర్జెన్సీ టీమ్‌లో చేరాక ఇంకా చులకనైపోయింది. నారింజరంగు కోటు, భుజాన మందుల సంచి. తీరా దొరికిన కేసులేమో బెణికిన కాళ్లు, తలుపు సందులో నలిగిన వేళ్లు.

"ఎవడు పడతాడా అని కాచుక్కూర్చున్నారు" అనేవారు లైబ్రేరియన్‌గారు. లైబ్రరీ పక్క గది టీమ్‌కిస్తామంటే అడ్డుపడి, మెట్ల కింద చీపుర్లుండే గది ఇప్పించిందీ ఆయనే. అక్కడే వాళ్లు ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ నొక్కుతూ పని నేర్చుకున్నారు.

పరీక్షల ముందు ఓ మధ్యాహ్నం లైబ్రరీ కిటకిటలాడుతోంది. "నిశ్శబ్దం!" అంటూ లేచిన లైబ్రేరియన్‌గారు బల్ల పక్కనే కుప్పకూలారు.

అక్కడే చదువుకుంటున్న సైరన్ ఆయన దగ్గరికి పరుగెత్తింది. పిలిస్తే ఆయన పలకలేదు. ఊపిరి ఆడటం లేదు.

"నువ్వు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్! నువ్వెళ్లి షాక్ మెషీన్ పట్రా!"

ఆ అరుపుకి మేడమీద పాఠాలు కూడా ఆగిపోయాయి. మోకాళ్ల మీద కూర్చుని, పైకి లెక్కపెడుతూ ఛాతీ నొక్కసాగింది. గుండెకి షాకిచ్చే ఆ మెషీనేమో ఎవరైనా ఎత్తుకుపోతారని ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి గుమాస్తా జేబులో, గుమాస్తా క్యాంటీన్లో. అది వచ్చేదాకా ఆమె చేతులాపలేదు. మధ్యలో ఆయన ఛాతీలో ఏదో పుటుక్కుమంది. బొమ్మ ఎప్పుడూ అలా చప్పుడు చెయ్యలేదు. ఏడుస్తూనే నొక్కింది.

మెషీన్ వచ్చింది, షాక్ ఇచ్చింది. అంబులెన్స్ వచ్చేసరికి ఆయన మూలుగుతున్నారు.

కోలుకుని డ్యూటీలో చేరగానే ఆయన కనబడ్డవాళ్లందరికీ ఒకటే చెప్పారు. "నాకేమైందండీ? కాస్త కళ్లు తిరిగాయంతే. ఆ పిల్ల మీదపడి పక్కటెముక విరగ్గొట్టింది. పైగా లైబ్రరీలో ఆ కేకలేంటి?"

ప్రిన్సిపాల్ సైరన్‌ని సంజాయిషీ అడిగారు. టీమ్‌కి శిక్షణనిచ్చిన నర్సమ్మ వచ్చి, "సరిగ్గా నొక్కితే ఎముక విరగడం మామూలే సార్" అని చెబితేగానీ వదల్లేదు. సైరన్‌కి మనసు విరిగిపోయింది. కోటు తిరిగిచ్చేద్దామని మెట్ల కింది గదికి వెళ్తే, గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. లైబ్రేరియన్‌గారి భార్య.

"ఇంట్లోనూ అదే పాటమ్మా" అందావిడ. "అననీ. అనడానికి మనిషి మిగిలాడు కదా."

సైరన్ నోటమాట రాలేదు. ఆ కాలేజీలో అలా జరగడం అదే మొదటిసారి.

ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని బొమ్మ పక్కన కూర్చుంది. "ఎక్కడ నొక్కాలో నాకూ చూపించు."

సైరన్ ఆవిడ అరచేతులు బొమ్మ ఛాతీ మధ్యలో పెట్టించింది. అంతే, ఆవిడ పళ్లు బిగించి మొదలుపెట్టింది. బొమ్మ నేలమీద గజగజలాడింది.

"ఆంటీ, ఆంటీ! కాస్త నెమ్మదిగా!"

"ఉండమ్మా," అందావిడ రొప్పుతూ, "ఇప్పుడే చెయ్యి కుదురుతోంది."