పేరయ్య పంతులుగారి రేవు లెక్క

నలుగురు మనుషులు ఒకచోట నిలబడితే చాలు, పేరయ్య పంతులుగారికి వాళ్లు మనుషుల్లా కనబడరు, అంకెల్లా కనబడతారు. కనబడి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఆయన వాళ్లని కూడేస్తారు, తీసేస్తారు, హెచ్చవేస్తారు, కోపం వస్తే భాగించేస్తారు. భాగించాక ఎవడైనా శేషం మిగిలేడో, వాడి ఖర్మ. వాణ్ణి పట్టుకుని ఇంకో లెక్క మొదలెడతారు.

ఓ పెళ్లిలో భోజనాల పంక్తులు చూసేసరికి ఆయనకి ఎక్కాలు గుర్తొచ్చేయి. వరసకి పన్నెండుమంది, ఏడు వరసలు. "మొత్తం ఎంతమంది నాయనా?" అని పెళ్లికొడుకుని అడిగేరు. పెళ్లికొడుకు బిక్కమొహం వేసేడు. పన్నెండో ఎక్కం అప్పజెప్పేదాకా పంక్తిలో మజ్జిగ పడనివ్వలేదు. పెళ్లికూతురి మేనమామకి ఒళ్లు మండి విస్తరి ముందు నుంచి లేచిపోయేడు. "ఎనభై నాలుగులోంచి ఒకటి పోతే ఎనభై మూడు" అన్నారు పంతులుగారు, ఆయన మొహమైనా చూడకుండా.

చావు దగ్గరా అంతే. పాడె మోసేవాళ్లు నలుగురు, పాడె మీద ఒకరు. "ఈయన్ని కలపాలా, తీసెయ్యాలా?" అని పంతులుగారు దారికి అడ్డంగా నిలబడిపోయేరు. చివరికి పోయినాయన కొడుకే ఏడుపు దిగమింగుకుని, "తీసెయ్యండి పంతులుగారూ, ఎండెక్కిపోతోంది" అన్నాడు.

ఇన్ని బాధలూ అందరికన్నా ఎక్కువ పడ్డవాడు గోదావరి పాయ వైనతేయం రేవులో పడవ నడిపే గంగయ్య. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులవి. వీధరుగు మీద కూర్చుని ఇసుకలో అంకెలు దిద్దించడం పంతులుగారికి ఆనేది కాదు. బడిపిల్లల్ని రేవుకి తోలుకొచ్చి, పడవ కోసం ఆగినవాళ్లని వరసగా నిలబెట్టేవారు. పడవకి దగ్గరగా ఉన్నవాడు వందల స్థానం. వాడి వెనక పదులు. ఆ వెనక ఒకట్లు. తలో అంకె పంచేవారు. మనిషి తక్కువైతే గంగయ్య ఉండనే ఉన్నాడు.

"గంగయ్యా, పదుల స్థానం ఖాళీ పడింది. వచ్చి నిలబడు."

"పడవెవరు చూస్తారండీ?"

"పడవెక్కడికి పోతుందిరా! నువ్వు లేకపోతే నాలుగు వందల ముప్ఫై ఆరు కాస్తా నలభై ఆరై కూర్చుంటుంది. ఎంత నష్టమో ఆలోచించేవా?"

"ఆయ్" అనేవాడు గంగయ్య, గెడకర్ర పక్కన పెట్టి. ఆ రాత్రి ఇంటికెళ్లి, "నన్ను పదుల స్థానంలో వేసేరే" అని గొప్పగా చెబితే భార్య నాగమణి, "జీతమెంత మావా?" అని అడిగింది.

రేవులో నిలబడ్డ ప్రతివాడికీ తొమ్మిదే కావాలి. పంతులుగారి దగ్గర తొమ్మిది పుట్టడం మహా కష్టం. "మొన్నటిదాకా మూడుగా ఉన్నావు, అప్పుడే తొమ్మిదా? ఎదగాలి నాయనా, ఎదగాలి" అనేవారు. మునసబు జగ్గరాజుగారికి ఓసారి రెండు ఇచ్చేరు. రాజుగారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మాలపేటవాళ్లు మాత్రం ఈ వరసలోకి రాకూడదు. దూరంగా తాటిచెట్ల దగ్గర ఆగాలి. ఊరివాళ్లందరూ ఎక్కేక చోటు మిగిలితే ఎక్కాలి, లేకపోతే మళ్లీ పడవ. అది దేవుడు పెట్టిన వరస అనేవారు ఊళ్లో. ఆ దేవుడు రేవులోకి ఎప్పుడు దిగేడో, ఎవర్ని ఎక్కడ నిలబెట్టేడో కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. అయితే, రేవులో అందరికన్నా ఎక్కువసేపు నిలబడేది పేటవాళ్లే గనక, పంతులుగారి లెక్కలు అందరికన్నా బాగా వంటబట్టిందీ వాళ్లకే.

ఓ పాడ్యమినాడు మార్తమ్మ తెల్లారకుండానే వచ్చి తాటిచెట్ల దగ్గర నిలబడింది. నర్సాపురం దొరల దగ్గర బాప్తిస్మం పుచ్చుకుని ఆ పేరు పెట్టుకుంది. పేరు మారింది గాని రేవులో చోటు మారలేదు. అవతలి ఒడ్డున ఉన్న కూతురు సుగుణకి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. తొలిచూలు. ఇంట్లో ఆడదిక్కు లేదు. చుట్టుపక్కల ఎవరికి పురుడొచ్చినా పరిగెత్తే మార్తమ్మ, సొంత కూతురి పురిటికి వెళ్లలేక నిలబడి ఉంది. అప్పటికి రెండు పడవలు నిండిపోయి వెళ్లిపోయాయి.

మూడో పడవ కట్టేసరికి బారెడు పొద్దెక్కింది. ఆటు మొదలవబోతోంది. నీరు తీసేసిందంటే రేవంతా బురద. ఇక సాయంత్రం పోటు దాకా పడవ కదలదు. గంగయ్య తాటిచెట్ల వైపు చూసేడు. మార్తమ్మని పిలుద్దామంటే ఎదురుగా జగ్గరాజుగారున్నారు; ఆయనున్న పడవలో పేటవాళ్లకి చోటు మిగిలినా మిగలనట్టే. కిందటి నెల పేటమనిషి ఒకణ్ణి ముందు ఎక్కించినందుకు, రేవు కౌలు ఊడబెరికిస్తానని చెప్పిన పెద్దమనిషి ఆయనే.

"బాబుగారూ, ఆవిడ కూతురికి నొప్పులండీ" అన్నాడు గంగయ్య గొంతు తగ్గించి.

"అయితే? రాజోలు కచ్చేరీలో నాకోసం తాసిల్దారు కూర్చునున్నాడు. దాన్ని ఆగమను."

"నేనాగుతానండి. బిడ్డ ఆగదండి" అంది మార్తమ్మ తాటిచెట్ల దగ్గర నుంచే.

సరిగ్గా ఆ మాట వింటూ రేవులోకి దిగేరు పేరయ్య పంతులుగారు. వెనక పిల్లల్లేరు.

"పాడ్యమి కదండీ ఇవాళ, బడికి సెలవు కదా?" అన్నాడు గంగయ్య.

"బడికి సెలవు. అంకెలకి సెలవేమిటి?" అని పంతులుగారు తాటిచెట్ల వైపోసారి, వరస వైపోసారి చూసేరు. "రాజుగారూ, వందల స్థానంలో తమరు తొమ్మిది."

జగ్గరాజుగారి మీసం దానంతటదే పైకి లేచింది.

"మరి నాకో?" అన్నాడు వెనకున్న కొబ్బరికాయల సుబ్బిశెట్టి.

"తొమ్మిదే."

"నేనూ ఉన్నానండీ" అన్నాడు కరణంగారి బావమరిది, చివర్లోంచి మునివేళ్ల మీద లేచి.

"మీరూ తొమ్మిదే."

గంగయ్య నోరు తెరిచేశాడు. సంక్రాంతికీ ఉగాదికీ కూడా ఇంత ధారాళంగా తొమ్మిదులు పంచిన మనిషి కాదాయన.

"చదవండి రాజుగారూ."

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది!" అన్నారు జగ్గరాజుగారు, అవతలి ఒడ్డుకి వినబడేలాగ. "ఇంతకన్నా పెద్దది లేదు కదా?"

"మూడు స్థానాల్లో లేదు మహాప్రభో. మార్తమ్మా! నువ్వు ఒకటి. వచ్చి ఒకట్లలో కలువు."

జగ్గరాజుగారు పకపకా నవ్వేరు. "ఆ ఒక్కటీ నన్నేం చేస్తుందయ్యా!"

మార్తమ్మ మూట చంకన పెట్టుకుని, వరసకి బారెడు ఎడంగా వచ్చి నిలబడింది.

"తొమ్మిదీ ఒకటీ?"

"పది" అంది మార్తమ్మ.

"సున్న వేసి?"

"చేతిలో ఒకటండి."

"బావమరిదిగారూ, మీరు సున్న అయిపోయారు. మార్తమ్మా, చేతిలో ఒకటివి నువ్వే, ముందుకి నడు. పదుల్లో తొమ్మిదీ ఒకటీ?"

"పది. సున్న వేసి చేతిలో ఒకటి" అని మార్తమ్మ తనే సుబ్బిశెట్టిని దాటేసింది. శెట్టి ఒళ్లు తడుముకుని చూసుకున్నాడు, నిజంగా ఏమైనా తగ్గేనా అని.

రాబోయేదేమిటో జగ్గరాజుగారికి అర్థమైపోయింది. "ఆగవయ్యా, ఆగు! నాకు తొమ్మిదొద్దు. ఎనిమిది చాలు!"

"అలాక్కుదరదండి. తమరు అంత గట్టిగా చదివేరు కూడాను. తొమ్మిదీ ఒకటీ?"

"పది!" అని తాటిచెట్ల దగ్గర నుంచి కేక వచ్చింది. మార్తమ్మని సాగనంపడానికి వచ్చిన పేటవాళ్లు.

"తమరూ సున్నే రాజుగారూ. ఒకటి వేలస్థానంలోకి వెళ్లాలి."

జగ్గరాజుగారి ముందు నేల లేదు. పడవే ఉంది.

"వేలస్థానం పడవలో పడింది. నేనేం చెయ్యను?" అన్నారు పంతులుగారు చేతులు చాపి.

మార్తమ్మ ఇంకో మాట కోసం చూడలేదు. బల్ల మీంచి పడవలోకి అడుగేసి ముందు కొసన అణియం దగ్గర కూర్చుంది.

"వెయ్యి!" అన్నారు పంతులుగారు మురిసిపోతూ. "ఎంత అందమైన అంకె!"

జగ్గరాజుగారు ఎర్రబడిపోయారు. "అది ఎక్కిన పడవ మేమెలా ఎక్కుతామయ్యా? మైల కాదూ?"

"మంచి సందేహం. మైల ఎంతుంటుందంటారు? పదనుకుందామా, వందనుకుందామా?"

"ఎంతైతేనేం!"

"ఎంతైనా సరే, సున్నతో హెచ్చవేస్తే ఎంత?"

"సున్న!" అన్నారు పేటవాళ్లు ఒక్క గొంతుతో.

"విన్నారుగా. ఇప్పుడు తమరు ముగ్గురూ సున్నలు. ఎంత మైల తగిలినా ఏమీ తగలనట్టే. తొమ్మిదిగా ఉండుంటే చిక్కొచ్చేది."

"నీరు తీసేస్తోందండీ!" అని అరిచేడు గంగయ్య. పడవ అడుగు బురదని రాసుకోవడం అందరికీ వినబడింది. కచ్చేరీ గుర్తొచ్చి జగ్గరాజుగారు పంచె ఎగ్గట్టి ఎక్కేరు. ఆయన ఎక్కేక మిగతా సున్నలు ఆగుతాయా?

"నువ్వా చివరికి పో" అన్నాడు సుబ్బిశెట్టి.

"ఒకటి ముందే ఉండాలండి శెట్టిగారూ" అంది మార్తమ్మ. "నేను మీ వెనక్కొచ్చేననుకోండి, మీ ముగ్గురికీ విలువే లేకుండా పోతుంది."

శెట్టి తనే వెనక్కి జరిగేడు. గంగయ్య నవ్వాపుకోలేక దగ్గేడు.

"పంతులుగారూ, మీరెక్కరాండీ?"

"నాకు అవతల పనేముందిరా? తొయ్యి, తొయ్యి!"

అవతలి ఒడ్డు చేరేసరికి ఆటు బాగా పట్టేసింది. మార్తమ్మ మోకాలి లోతు బురదలోకి దూకి ఒక్కటే పరుగు. గంగయ్య పడవ అక్కడే చిక్కుకుపోయింది. ఇవతలి రేవులో పంతులుగారు చెయ్యెత్తి నుదుటికి అడ్డం పెట్టుకుని చూడడం, అలా చూస్తూనే ఉండడం అతనికి కనబడింది. ఆ రోజు రేవులో కూడడానికి మరి మనుషులు లేరు, తీసెయ్యడానికీ లేరు. అయినా ఆయన కదల్లేదు.

సాయంత్రం పోటుకి గంగయ్య తిరిగొచ్చేడు. పంతులుగారు పంచె పైకి దోపుకుని నీళ్లలో నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన జాడ లేదు. పడవ ఇంకా నడి ఏట్లో ఉండగానే కేకేసేరు.

"అందిందా?"

ఇన్నేళ్లలో ఆయన నోట ఒక్క అంకైనా లేని ప్రశ్న గంగయ్య వినడం అదే మొదలు. గెడకర్ర చేతిలో ఆగిపోయింది.

"అందిందండీ! తల్లి చెయ్యి తగిలేకే ప్రసవమైందట. ఆడపిల్ల. సుగుణ కులాసా!"

పంతులుగారు కండువాతో మొహమంతా తుడుచుకున్నారు. మొహం తుడిచి కళ్లు తుడిచేరు. "అమ్మయ్య" అన్నారు. వెంటనే మళ్లీ కేకేసేరు.

"ఒక్కతేనా?"

"ఒక్కతేనండీ బాబూ! దానికింకా వరసలో నిలబడే వయసు రాలేదు. మీరు ఇంటికెళ్లి భోంచెయ్యండి!"